మొగుడు లేనివాళ్ళకు రాని జబ్బు

ఆ బస్సు డిపోలో ఆడ కండక్టర్లు ఎంతమంది ఉన్నా, కండక్టరమ్మ అంటే ఒక్కతే. ఆమె గొంతెత్తితే ముందు సీట్లో కునికేవాడు ఉలిక్కిపడి లేచి, తన స్టాపు కాకపోయినా దిగిపోయేవాడు. ఫుట్‌బోర్డు మీద వేలాడే కుర్రాళ్ళు ఆమె కనుబొమ్మ కదిలితే చాలు, లోపలికొచ్చి చేతులు కట్టుకునేవాళ్ళు. అంతటి మనిషీ ఇంటికెళ్తే పిల్లే. ఇంట్లో పులి కర్టెన్లు కుట్టే టైలరమ్మ.

వాళ్ళిద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, ఒకే మంచం. ఏళ్ళ తరబడి కాపురం. వీధంతటికీ తెలుసు, వీధంతా తెలియనట్టు నటిస్తుంది. కింది వాటాలో ఉండే ఇంటావిడ మాత్రం "అక్కాచెల్లెళ్ళు పాపం, ఎంత అన్యోన్యమో" అని ఊరంతా చాటి చాటి, ఆ మాట ఎవరూ నమ్మకుండా చేసింది.

ఒకసారి డిపోలో ఆడవాళ్ళందరికీ ఉచితంగా పరీక్షలన్నారు. రెస్టు రూములో పరదా కట్టి, బల్ల వేసి, గర్భసంచి మూతి దగ్గర క్యాన్సర్ ఉందేమో చూస్తారట. పెళ్ళయినవాళ్ళు మొహాలు వేలాడేసుకుని వరసలో నిలబడ్డారు. కండక్టరమ్మ వంతు వచ్చింది. డిపో డాక్టరు తల కూడా ఎత్తలేదు.

"పెళ్ళయిందా?"

"లేదు సార్."

"అయితే మీకీ పరీక్ష అక్కర్లేదు. తర్వాతెవరు?"

అంతే. ఆ మాట విన్న కండక్టరమ్మ నేల మీద నడవలేదు. తోటి కండక్టర్లను చూసి, "మీ మొగుళ్ళు మీకిచ్చిన ఆస్తి ఆ బల్లే, వెళ్ళి పడుకోండి" అని ఏడిపించింది. సాయంత్రం ఇంటికొచ్చి చెప్తే, టైలరమ్మ నోట్లో గుండుసూదులు పెట్టుకునే నవ్వింది.

"మొగుడు లేకపోతే ఉతికే బట్టలే తగ్గుతాయనుకున్నా. జబ్బులూ తగ్గుతాయన్నమాట."

"మనకా జబ్బు రాదే. డాక్టరే చెప్పాడు."

చదువుకున్న డాక్టరు నోటి నుంచి వచ్చిన మాట. దాన్ని ఇద్దరూ బహుమతిలా ఇంటికి తెచ్చుకుని దాచుకున్నారు. ఆ దాచుకోవడమే కొంప ముంచింది.

కొన్నాళ్ళకు కండక్టరమ్మకు నెల మధ్యలో రక్తం కనపడటం మొదలైంది. రోజంతా కుదుపుల్లో నిలబడే ఉద్యోగం, ఒంట్లో వేడి చేసిందనుకుంది. వయసు మళ్ళుతోంది కదా అనుకుంది. ఎన్ని అనుకున్నా ఆ ఒక్క జబ్బు పేరు మాత్రం అనుకోలేదు, అది మొగుళ్ళున్నవాళ్ళది కాబట్టి. బస్సులో యూనిఫాం ప్యాంటుకు మరక అంటుతుందేమోనన్నదే ఆమె భయమంతా.

దానికి టైలరమ్మ తనకు తెలిసిన వైద్యం చేసింది. ప్యాంటుకు లోపల లైనింగు వేసింది. అది చాలకపోతే దాని మీద ఇంకోటి. అదీ చాలకపోతే కర్టెన్లకు వేసే మందపాటి గుడ్డ తెచ్చి మూడోది కుట్టింది. ఆ ప్యాంటు ఎంత బిరుసుగా తయారైందంటే, కండక్టరమ్మ లోపల లేకపోయినా అది తనంతట తను నిలబడి టిక్కెట్లు కొట్టేలా ఉంది.

నాలుగో పొరకు గుడ్డ కత్తిరిస్తూ ఒకరోజు టైలరమ్మ చెయ్యి ఆగిపోయింది. కత్తెర బల్ల మీద పెట్టింది.

"నేను ఏం చేస్తున్నానే? ఇల్లు కారుతుంటే కింద గిన్నెలు పెడుతున్నాను. లే, ఆస్పత్రికి పోదాం."

"నాకేమైందని?"

"ఏమైందో తెలిస్తే ఆస్పత్రికెందుకు? చెప్పులేసుకో."

ఆస్పత్రిలో నర్సు కండక్టరమ్మను పైకీ కిందకీ చూసింది. "మీ ఆయన రాలేదా?"

"ఏ ఆయన?"

"పెళ్ళి కాలేదా? అయితే లోపలి పరీక్షేం ఉండదు. రక్తం పట్టడానికి మాత్రలు రాస్తారు, కూర్చోండి."

కండక్టరమ్మ ప్రాణం లేచొచ్చింది. "చూశావా, అక్కర్లేదంటున్నారు" అని చెప్పులు వెతుక్కుంది. నిండు బస్సును నోటితో అదుపు చేసే మనిషి, ఆ వసారాలో నోరు లేని బొమ్మ అయిపోయింది. టైలరమ్మ ఆమె రెక్క పట్టుకుని, నర్సు వద్దంటున్నా, నేరుగా లేడీ డాక్టరు గదిలోకి లాక్కెళ్ళింది.

"ఈమెకు పెళ్ళి కాలేదమ్మా. కానీ కాపురం ఉంది. నాతోనే. ఇప్పుడు పరీక్ష చేస్తారా, చెయ్యరా?"

ఆ మాట బయటి మనిషి ముందు అనడం అదే మొదలు. కండక్టరమ్మ చెవులు ఎర్రబడ్డాయి. లేడీ డాక్టరు కలం కింద పెట్టింది. మొహం చిట్లించలేదు, నవ్వలేదు.

"ఇంతకు ముందు ఎప్పుడూ చెయ్యలేదా?"

"డిపోలో అక్కర్లేదన్నారండీ" అంది కండక్టరమ్మ, పీల గొంతుతో. "మగాడు లేకపోతే రాదని."

"ఎవరన్నారమ్మా? ఆ జబ్బు తెచ్చే వైరస్ కాపురంలో ఒంటికి ఒళ్ళు తగిలితే అంటుకుంటుంది. అది మగ ఒళ్ళా ఆడ ఒళ్ళా అని చూసుకోదు. మీకు ఎప్పుడో చేసి ఉండాల్సింది." అని, టైలరమ్మ వైపు తిరిగింది. "మీకు కూడా."

అప్పటిదాకా పులిలా నిలబడ్డ టైలరమ్మ గోడ మీద క్యాలెండరు చూడటం మొదలెట్టింది.

పరీక్షలో తేలింది. క్యాన్సరే. ఇంకా మొదటి మెట్టు మీదే ఉంది, ఆపరేషన్‌తో పోతుందన్నారు. ఆపరేషన్ అయింది. కండక్టరమ్మ బతికింది. కానీ మంచం మీద పడుకున్నన్నాళ్ళూ ఆమెను కుట్టిన చోట నొప్పి కన్నా ఒక మాట ఎక్కువ పొడిచింది. అక్కర్లేదు. ఆ రోజు డిపోలో ఆ బల్ల తనకు నాలుగడుగుల దూరంలోనే ఉంది. పరదా తీసే ఉంది. ఒక మగాడి పేరు చెప్పి ఉంటే పడుకోబెట్టేవాళ్ళు. లేని మొగుణ్ణి పుట్టించి చెబితేగానీ దక్కని వైద్యమా అది?

లేచి నడవగలిగిన మొదటి రోజునే డిపోకు వెళ్ళింది. డ్యూటీకి కాదు. డాక్టరు టీ తాగుతున్నాడు.

"మీరు అక్కర్లేదన్న జబ్బు నాకు వచ్చింది సార్. కోయించుకుని వచ్చాను."

డాక్టరు కప్పు పెదవుల దగ్గరే ఆగింది. "పెళ్ళి కాలేదన్నారు కదమ్మా. అందుకని..."

"మీరు పెళ్ళి గురించి అడిగారు. నా ఒంటి గురించి అడగలేదు."

"ఇలాంటివి ఎవరైనా బయటికి చెప్పుకుంటారా?"

"అడిగితే కదా చెప్పేది? అడగడానికి మీకు సిగ్గయితే ఆ కుర్చీ ఎందుకు? ఆ రోజు నా వెనకాల ఇంకెంతమందిని అలా తోలేశారు? టిఫిన్ డబ్బాలు మోసే పిల్లకు పెళ్ళి కాలేదు. ఊడ్చే ఆవిడను మొగుడు వదిలేశాడు. వాళ్ళ ఒళ్ళు ఒళ్ళు కాదా? మొగుడుంటేనే ఆడదానికి లోపల అవయవాలు మొలుస్తాయా?"

ఆ గొంతుకు గ్యారేజీలో స్పానర్లు కింద పడ్డాయి. వర్క్‌షాపు మనుషులు కిటికీలకు అతుక్కున్నారు. డాక్టరు టీ చల్లారిపోయింది. "వచ్చే నెల అందరికీ పెట్టిస్తానమ్మా, అందరికీ" అని మూడుసార్లన్నాడు. ఆ రోజు తోలేసినవాళ్ళను ఒక్కొక్కరినీ తనే చెయ్యి పట్టుకుని తీసుకొస్తానని చెప్పి ఆమె బయటపడింది.

కోపం ఇంకా దిగలేదు. ఆ కోపంతోనే ఇల్లు చేరింది. టైలరమ్మ మిషను టకటకలాడిస్తోంది. గుమ్మంలో ఒకావిడ కర్టెన్ల కోసం నిలబడి ఉంది.

"నువ్వెప్పుడు చేయించుకుంటావు?" అంది కండక్టరమ్మ.

"పని ఒత్తిడిగా ఉంది. వచ్చే వారం చూద్దాం."

"పోయిన వారమూ ఇదే చెప్పావు. నన్ను రెక్క పట్టి ఈడ్చినప్పుడు లేని పని ఇప్పుడెక్కడి నుంచి వచ్చిందే?"

"నాకు ఏ బాధా లేదు."

"బాధ లేనప్పుడే చూపించుకోవాలంట. బాధ వచ్చాక ఏమవుతుందో నా పొట్ట చూడు."

టైలరమ్మ మిషను ఆపింది. తల దించుకుని, "భయంగా ఉందే" అంది. అంత నెమ్మదిగా ఆమె మాట్లాడటం ఆ ఇంట్లో గోడలు కూడా ఎప్పుడూ వినలేదు.

"నాకు లేదా భయం? లే."

గుమ్మంలో ఆవిడ గొణిగింది. "సాయంత్రానికి ఇస్తానన్నారు. మా కిటికీలన్నీ ఖాళీగా ఉన్నాయి."

"ఒక్కరోజు ఉండనివ్వండమ్మా" అంది కండక్టరమ్మ, చెప్పులు తెచ్చి టైలరమ్మ కాళ్ళ ముందు పడేస్తూ. "మీ కిటికీల మానానికి వచ్చిన ముప్పేమీ లేదు. మేం ఆస్పత్రికి వెళ్ళాలి."