అతికించిన మీసాలు

నర్సింహ కార్వాన్‌లో వడ్రంగి, నా స్నేహితుడు. దుంగ కోస్తుంటే దొరికిందని పొడవాటి మీసాల పెంకుపురుగును తెచ్చిచ్చాడు. కొత్త జాతే అనుకుని నెలల తరబడి దాని అవయవాల వర్ణన రాశాను. తల, రెక్కలు, కాళ్లు మామూలే. కొత్తదనమంతా తెల్లపట్టీల మీసాల్లోనే ఉంది. ఈ రోజు మైక్రోస్కోపు కింద వాటి మొదట్లో ఎండిన జిగురు మెరిసింది. నేరుగా వాడి దుకాణానికి వెళ్లాను.

"దాని మీసాలు ఇరిగినయ్ అన్నా. గట్లే ఇస్తే నీ మనసు ఖరాబైతదని ఇంకో పురుగువి అతికిచ్చిన."

"మరి ముందే చెప్పొచ్చు గదరా?"

"నువ్వు మస్తు ఖుషీగ ఉంటివి. ఎట్ల చెప్పాలె?"

ఆ జాతికి నేను పెట్టింది వాడి పేరే. ఇప్పుడు నా వర్ణనలోంచి ముందుగా ఏం కొట్టేయమంటారు, మీసాలనా, వాడి పేరునా?