మెట్లకు నీళ్లు తాపిన పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయింది. మొన్న పొద్దున మానవపాడు దగ్గరి మా ఊరి నుంచి తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. ఆమె ఎవరో మీకు తెలియదు. కానీ మీలో కొందరు ఆమె పోసిన మెట్ల మీద కూర్చుని చప్పట్లు కొట్టే ఉంటారు. పెదనాన్నతో కలిసి, కూలీలను పోగేసి పనులకు తీసుకుపోయే గుంపు మేస్త్రీ వెంట వలసపోయి, నగరాల్లో స్టేడియాలు కట్టిన పాలమూరు కూలీ ఆమె.

స్టేడియాల చరిత్ర అంటూ వచ్చే వ్యాసాల్లో ప్లాన్లు గీసినవాళ్ల పేర్లుంటాయి, రిబ్బన్ కత్తిరించినవాళ్ల ఫొటోలుంటాయి. చదివి విసిరేస్తాను. నాకు ఆ చరిత్ర చెప్పింది పెద్దమ్మే. ఆమె పనికి పోయిన కొత్తలో మైదానం చుట్టూ మట్టికట్ట పోసి రాళ్లు పరిచేవారట. తర్వాత సిమెంటు గ్యాలరీలొచ్చాయి. ఆ తర్వాత ఇనుప కప్పులు, ప్లాస్టిక్ కుర్చీలు, పెద్దవాళ్లకు అద్దాల గదులు.

"మొదలు అందరికీ ఎండే ఉండె. ఎన్క పడమటి దిక్కు కప్పేసి దొరలకు నీడ జేసిన్రు. మనసొంటోళ్ల మొకాన మాపటి ఎండ కొట్టబట్టె" అనేది. అది కాగితం మీద గీసేటప్పుడే తెలిసి చేసే పని. తలచుకుంటే ఒళ్లు మండుతుంది.

కాంక్రీటు పోశాక బీటలివ్వకుండా మెట్ల మీద రోజుల తరబడి నీళ్లు నిలపాలి. వేరే ఊళ్ల కూలీలు గోనెపట్టాలు కప్పి తడిపేవారు. మా వాళ్లు మాత్రం బంకమట్టితో చిన్న చిన్న గట్లు పెట్టి, అచ్చం వరి మడుల్లాగే కట్టేవారు. మరకలు పడుతున్నాయని ఇంజినీరు తిట్టినా చేతులు మాట వినలేదట.

"ఊర్ల మన చేను ఎండవట్టె. ఆడ మెట్ల మీద మడి గట్టి నీళ్లు వెడ్తి. ఛీ, గదేం బతుకురా?" అనేది.

పని అయిపోగానే గుడిసెలు పీకించి పంపేసేవారు. ఒక్క ఆటా చూడలేదు. "నేను పోసిన మెట్టు మీద ఒక్కపారి కూసోవాలెరా" అని నన్ను ఎన్నిసార్లు అడిగిందో.

పోయిన ఎండాకాలం టికెట్లు కొని, ఆమె పనిచేసిన స్టేడియానికే తీసుకుపోయాను. గేటు దగ్గర కాపలావాడు ఆమె నీళ్ల సీసా లాక్కుని చెత్తడబ్బాలో పడేశాడు. ముసలామె, గోలీలు వేసుకోవాలని బతిమాలాను. వినలేదు. లోపల మా వైపంతా ఎండ. నల్లా తిప్పితే గాలి వచ్చింది. నీళ్లమ్మే చోట తొక్కిసలాట. ఎదురుగా నీడలో కూర్చున్నవాళ్లకు ట్రేలలో నీళ్లు తెచ్చిస్తున్నారు.

పెద్దమ్మ ఆట చూడలేదు. కూర్చున్న మెట్టు అంచును అరచేత్తో నిమిరింది.

"గీ మెట్లకు నీళ్లు తాపింది నేను గదరా. నాకు గుక్కెడు లేకపాయె."

నాకు అక్కడున్న అందరి మీదా, టికెట్లు కొన్న నా మీదా అసహ్యం పుట్టింది. "థూ అని ఉమ్ము పెద్దమ్మా, వీళ్ల స్టేడియం మీద" అన్నాను.

"మెట్లేం జేసినయ్ రా, పాపం?" అంది. పెదవులు బిగించుకుని కూర్చుంది.

ఆట సగంలోనే లేచాం. నా చెయ్యి పట్టుకుని మెట్లన్నీ మెల్లగా దిగింది. గేటు బయటికి వచ్చాక నా చెయ్యి వదిలింది. వెనక్కి తిరిగి నిలబడి, ఎండిన నోట్లో మిగిలిన తడినంతా కూడదీసుకుని, ఆ గేటు మీద ఉమ్మింది.