సింకులో నూనె

సెలవులొస్తే పెద్దమ్మ తమ్ముడింట్లో ఇసుక వేస్తే రాలనంత జనం. వంట ఎవరు చేసినా, వంటగది మాత్రం పెద్దమ్మది. భర్త పోయి ఆ ఇంటికి వచ్చినప్పటినుంచీ భుజాన మసిగుడ్డ లేకుండా ఆమెను చూసినవాళ్ళు లేరు. ఆ ఇంట్లోనే ఉండే చెల్లెలి పిల్లలు ఆమెను మసిగుడ్డ పెద్దమ్మ అనే పిలిచేవారు. వంటగట్టు మీద చీమ కనబడితే ఆ పూట ఆమెకు అన్నం సయించేది కాదు.

ఆమెకున్న నియమం ఒక్కటే. వేయించిన నూనె సింకులో పోయకూడదు. చల్లారాక డబ్బాలోకి వంచి, మూకుడును పాత కాగితంతో తుడిచాకే నీళ్ళు తగలనిచ్చేది. "గొట్టానికి గొంతు పూడితే మన గొంతులోకి ముద్ద దిగదర్రా" అనేది.

ఆ ఏడు ఇంటినిండా చుట్టాలుండగా సింకు పొంగింది. ఎంగిలినీళ్ళు గచ్చంతా పారాయి. ప్లంబరు గొట్టం విప్పి, తెల్లగా గడ్డకట్టిన జిడ్డు పిడికెడు తీసి చూపించాడు.

"వేడి నూనె పోస్తున్నారమ్మా ఎవరో. ఇది ఒక్కనాటి పని కాదు."

అందరి కళ్ళూ పెద్దమ్మ వైపు తిరిగాయి. ఆమె చెల్లెలి వైపు చూసింది. చెల్లెలంటే ఆమెకు ప్రాణం. రోజూ పక్కన నిలబడి గిన్నెలు తుడిచే మనిషి, తన పని తెలిసిన మనిషి, ఒక్క మాట అనకపోతుందా!

చెల్లెలు నిట్టూర్చింది. "అక్కనేమీ అనకండ్రా. కళ్ళు ఆనడం లేదు పాపం. ఏది డబ్బానో, ఏది సింకో..."

"ఇంక నువ్వు కూర్చో అక్కా. వంటగది చిన్నక్క చూసుకుంటుందిలే" అన్నాడు తమ్ముడు.

నిజంగా తానే పోస్తోందేమోనని పెద్దమ్మ తన చేతుల్నే అనుమానించుకుంది. మర్నాడు మంచినీళ్ళకని వెళ్ళి గుమ్మంలోనే ఆగిపోయింది. చెల్లెలు పొగలు కక్కే మూకుడెత్తి, తడుముకోకుండా సింకులోకి వంచేసింది. నూనె సుయ్యిమంటూ జారింది.

"అదేమిటే!"

చెల్లెలు ఉలిక్కిపడి, అంతలోనే నవ్వేసింది. "అబ్బ, నీ చాదస్తం! చల్లారేదాకా ఎవరు కూర్చుంటారే? నేనెప్పుడూ ఇంతే. ఎవరితోనూ అనకే అక్కా, మరదలు నన్ను బతకనివ్వదు."

"మరి నా కళ్ళ సంగతి?"

"నిన్నెవరేమంటారే? పెద్దదానివి."

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది. పెద్దమ్మ ఎవరితోనూ చెప్పలేదు. మసిగుడ్డ ఉతికి తీగ మీద ఆరేసి, హాల్లో కుర్చీలో కూర్చుంది.

సెలవులు ముగియకముందే సింకు మళ్ళీ పొంగింది.

"అక్కా, ఒక్కసారి రావే! ఎటు తుడిచినా ఆగట్లేదు!" వంటగదిలోంచి కేకేసింది చెల్లెలు.

"నాకు కళ్ళానవు కదమ్మా" అంటూ పెద్దమ్మ కాళ్ళు కుర్చీలోకి ముడుచుకుంది.

పోయేదాకా ఆమె చోటు ఆ కుర్చీయే. అక్కణ్ణుంచి గట్టు మీది చీమ ఆమెకు కనబడుతూనే ఉండేది. ఆ పూట కంచం సగంలో వదిలేసి లేచేది.

"పాపం, కళ్ళతోపాటు ఆకలీ మందగించింది" అనేది చెల్లెలు, ఆ కంచం తీస్తూ.