మా అత్త తాగిన మొదటి దొప్ప

ఈ ఉదయం కుండ మీది మూకుడు తీయగానే పులుపు వాసన ముక్కుకు సూటిగా తగిలింది. తైదల కల్లు, అదే రాగులతో పులియబెట్టేది, ఈసారి బాగా నల్లబడింది. మా కోడలు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని "ఏందత్తా గీ వాసన!" అంది. ఒకప్పుడు నేనూ అట్లాగే అన్నదాన్ని కాబట్టి దాన్ని ఏమీ అనలేదు. ఆకు దొప్పలో కొంచెం వంచుకొని ఒక గుక్క నోట్లో పోసుకున్నాను. దవడలు జివ్వుమన్నాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళన్నీ పులుపు వల్లే వచ్చాయంటే అబద్ధం చెప్పినట్టే. మా అత్త మల్లవ్వ గుర్తొచ్చింది. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. సిరోంచకు కొత్తగా వచ్చి స్థిరపడ్డవాళ్ళకు ఆమె ఎవరో తెలియదు. తెలియకపోతే వాళ్ళ ఖర్మ అని ఊరుకునే స్వభావం నాది కాదు, అందుకే చెబుతున్నాను.

మా అత్త పొట్టి మనిషి. నోరు మాత్రం ప్రాణహిత అవతలి ఒడ్డు దాకా వినిపించేది. మా మామ చిన్న వయసులోనే పోతే, ఒక్కగానొక్క కొడుకును చంకనేసుకొని రేవు దగ్గర కల్లు గుడిసె పెట్టుకుంది. పొద్దున తాటికల్లు, చలికాలమంతా తైదల కల్లు. ఉప్పు కోసం దిగివచ్చే అడవి ఊళ్ళ ఆడవాళ్ళ దగ్గర ఈ తైదల కల్లు విద్య నేర్చుకుంది. తైదలను మొలకెత్తించి, ఎండబెట్టి, పెంక మీద నల్లగా వేయించి దంచేది. ఆ పిండిని చల్లారిన అంబలిలో కలిపి పాత కుండలో పోసి మూత పెట్టేది. ఆ కుండను కడగనిచ్చేది కాదు. పులియబెట్టేది ఆ కుండేనట. తెలియక ఒకసారి నేను బూడిద పెట్టి తళతళలాడేట్టు తోమిపెట్టాను. ఆ రోజు నేను తిన్న తిట్లకు ఇప్పటికీ కడుపు నిండే ఉంది.

నేను చెన్నూరు వైపు నుంచి కోడలిగా వచ్చాను. మా పుట్టింట్లో తెల్లవారుజామున చెట్టు నుంచి దించిన తాటికల్లే కల్లు. తియ్యగా ఉండాలి, పొద్దెక్కితే పారబోయాలి. అలాంటి దాన్ని, ఇక్కడికి వచ్చిన కొత్తలో తైదల కల్లు నోట్లో పోసుకొని, గుడిసెలో అందరూ చూస్తుండగా తుపుక్కున ఉమ్మేశాను. అందరూ మా అత్త వైపు చూశారు. ఆమె నవ్వింది.

"ఉమ్మేసినవా? మంచిగ జేసినవ్. మల్ల తాగు."

"పుల్లగున్నది అత్తా. చెడిపోయింది."

"చెడిపోవుడు వేరు, పులుసుడు వేరు పిల్లా. నాలుకకు ఎప్పటికీ తొందరనే. పులుపు కాడికి పోయి వాపస్ వస్తది. జర ముందటికి పోనియ్యి."

పోనిచ్చాను. పులుపు వెనకాల వేయించిన తైదల కమ్మదనం, దాని వెనకాల ఎక్కడో బెల్లం ఛాయ, చివరకు గొంతులో చిన్న చేదు. ఒకే గుక్కలో ఇన్ని ఉంటాయని నాకు ఎవరూ చెప్పలేదు. రుచి చూడడమంటే ఆగడమని ఆ రోజు నేర్చుకున్నాను. నాకు అంతకుముందు దేనికీ ఆగే అలవాటు లేదు, మా అమ్మనడిగినా అదే చెప్పేది.

మా అత్తకు ఇంకో పట్టు ఉండేది. అదీ అడవి ఊళ్ళ ఆచారమే. ఎవరికి పోసినా, ముందు ఆ దొప్పలోంచి రెండు చుక్కలు పోయినవాళ్ళ పేరున నేల మీద విడిచి, ఒక గుక్క తాను తాగి, తర్వాతే ఇచ్చేది. పోసిన చెయ్యి ముందుగా తాగితేనే అందులో ఏ దోషమూ లేదని అర్థం. తాగకుండా ఇస్తే చంపడానికి ఇచ్చినట్టే. కన్నకొడుక్కు పోసినా ఇదే వరస. "మల్లవ్వా, మాకంటె ముందుగాల నీకే నిషా ఎక్కుతది" అని ఎవరో ఎగతాళి చేస్తే, "నిషా నాకు, నమ్మకం నీకు. మూస్కొని తాగు" అంది.

నదిలో పడవలకు అడ్డం వచ్చే బండలను పగలగొట్టే పని సర్కారు వాళ్ళు మొదలుపెట్టిన కాలమది. అటు గోండు ఊళ్ళ నుంచీ ఇటు తెలుగు పల్లెల నుంచీ కూలీలు వచ్చి రేవు పక్కన గుడిసెలు వేసుకున్నారు. మా ఆయన రాజం పడవ నడిపేవాడు. మా వైపు పని చూసే దొర ఇంగ్లీషు వాడు కాదు. బెల్జియం అని వాళ్ళకు పక్కనే ఉండే ఇంకో చిన్న దేశమట. టోపీ తీసి మా అత్తకు దండం పెట్టిన దొర అతనొక్కడే. ఒకరోజు మా తైదల కల్లు తాగి కళ్ళు మూసుకొని కూర్చుండిపోయాడు. తర్వాత వచ్చీరాని తెలుగులో చెప్పాడు. వాళ్ళ ఊళ్ళోనూ ఇలాగే నల్లగా, పుల్లగా ఉండే బీరు చేస్తారట. ఉడికించిన గింజల నీళ్ళను వెడల్పాటి తొట్టిలో పోసి ఊరికే వదిలేస్తే గాలే దాన్ని పులియబెడుతుందట.

"గాలే పులియవెడ్తదా? మరి మీ ఆడోళ్ళు ఏం జేస్తరయ్యా?" అంది మా అత్త.

దొర పగలబడి నవ్వాడు. తన ఊరి నుంచి ఒక పీపా తెప్పిస్తానని మాట ఇచ్చాడు. అన్నట్టు, మా అత్త ముందుగా ఎందుకు తాగుతుందో మాత్రం అతను అడగలేదు. ఆమెకు దాహం ఎక్కువనుకున్నాడు పాపం.

సముద్రం దాటి, గోదావరి ఎదురెక్కి ఆ పీపా వచ్చేసరికి రోజులు బాగాలేవు. ఆ ఎండాకాలం కూలీల గుడిసెల్లో గత్తర సోకింది. వాంతులు, విరేచనాలతో ఇద్దరు పోయారు. దొర కూడా మంచం పట్టి, బతికి, పుల్లలా అయ్యాడు. గంజి తప్ప ఏదీ ముట్టవద్దని వైద్యుడి ఆజ్ఞ. అయినా ఎంతో కాలంగా సతాయించిన పెద్ద బండ పగిలిందన్న సంతోషంలో, మా ఆయన పడవలో వచ్చిన పీపాను దొర ఇసుకలోనే తెరిపించాడు. కూలీలందరినీ పిలిచాడు. నేను మా ఆయనకు సద్ది తీసుకొని వెళ్ళి అక్కడే ఉన్నాను.

దొప్పలోకి వంచితే బొగ్గు కడిగిన నీళ్ళలా దిగింది. మా కల్లు వాసనే మేలు అనిపించేంత ఘాటు. దొర ఆ దొప్పను రెండు చేతులా పట్టుకొని, గోండు కూలీల పెద్ద జోగాకు అందించాడు. వాళ్ళ దేశంలో వచ్చినవాళ్ళకు ముందుగా ఇవ్వడం గౌరవం. జోగా చేతులు చాపలేదు.

"నువ్వు తాగు దొరా."

"నేను వద్దు. నాకు కాదు. మీరే. అందరూ మీరే" అన్నాడు దొర, తల అడ్డంగా ఊపుతూ.

అయిపోయింది. అంతకంటే పాడుమాట ఆ రేవులో అంతవరకూ ఎవరూ అని ఉండరు. అందరూ రెండడుగులు వెనక్కి వేశారు. గత్తరలో తమ్ముణ్ణి పోగొట్టుకున్న ఒకడు మా ఆయన మెడ మీది తువ్వాలు పట్టి గుంజాడు. "పీపా నీ పడవల వచ్చింది. ఏం గలిపినవ్ రా? నా తమ్మున్ని మింగింది గూడ గిసొంటి ఇసమేనా?"

"నేను తాగుత, ఇయ్యిండ్రి" అన్నాడు మా ఆయన.

"నువ్వు తాగుతే ఏం లాభం? ఇసం గలిపినోని కాడ ఇరుగుడు గూడ ఉంటది."

రాళ్ళు కొట్టే సుత్తెలు చేతుల్లోకి వచ్చాయి. నేను సద్దిగిన్నె అక్కడే పారేసి గుడిసెకు పరుగెత్తాను. మా అత్త పిండి చేతులతోనే వచ్చింది. కొడుకు మెడ మీద చేతులున్నాయి, చూసింది. అరవలేదు. అంత నోరున్న మనిషి మెల్లగా మాట్లాడడం నేను అప్పుడే విన్నాను.

"పోసినోడు తాగకుంటే తెచ్చినోడు తాగాలె. తెచ్చినోని మీద మీకు నమ్మకం లేదు. ఆన్ని కన్నదాన్ని నేనున్న. నేను తాగితే సరేనా జోగన్నా?"

జోగా సుత్తెలు దించమని సైగ చేశాడు. "సరే మల్లవ్వా. పొద్దు గూకేదాక నువ్వు మంచిగుంటే మేం గూడ తాగుతం. లేకుంటే ఇగ నా మాట ఎవ్వలు వినరు."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. "అత్తా, నేను తాగుత."

"నీకు పసిపిల్లలున్నరు. నోర్మూసుకొని నిలవడు."

అప్పటికి విషయం అర్థమైన దొర ముఖం పాలిపోయి, దొప్ప తనకిమ్మని చెయ్యి చాపాడు. మా అత్త ఆ చేతి మీద ఒక్కటి వేసింది. "గంజి తాగేటోనివి. నువ్వు తాగి కక్కినవంటే నా కొడుకు పాయె" అని అతనికి మాత్రమే వినిపించేట్టు అంది. తర్వాత మా మామ పేరు చెప్పి రెండు చుక్కలు ఇసుకలో విడిచి, దొప్ప ఎత్తింది. గుక్క కాదు, మొత్తం తాగేసింది.

ఆ తర్వాత ఇసుకలో బాసింపట్టు వేసుకొని కూర్చుంది. ఎవరూ కదలలేదు. మా ఆయన తల్లి ముఖం వైపు చూడలేక నదిని చూస్తున్నాడు. ఆమె మాత్రం కూలీల బట్టల మురికి గురించీ, దొర బక్కతనం గురించీ, నేను పారేసిన సద్ది గురించీ వరసగా తిడుతూనే ఉంది. ఆమె తిట్లు ఆగితే నా గుండె ఆగేది. పొద్దు అవతలి ఒడ్డు చెట్లలోకి దిగింది. ఆమె లేచి చీరకంటిన ఇసుక దులుపుకుంది. మా ఆయన మెడ మీది చేతులు వాటంతట అవే జారాయి.

"ఇగ మాకు పొయ్యి మల్లవ్వా" అన్నాడు జోగా.

"ఆగు. ముందుగాల నాకింకొక దొప్ప."

రేవు రేవంతా నవ్వింది. ఆ రెండోది ఆమె మెల్లగా, కళ్ళు మూసుకొని తాగింది. "పులుపు మంచిగ దిగింది. కొసకు జర కట్టె వాసన. మా తైదల కల్లుకు చెల్లె వరస" అని తీర్పు చెప్పింది. ఆ తర్వాత ప్రతి దొప్పా తానే పోసింది, ప్రతి దొప్పలోనూ తానే ముందు తాగింది. దొర ఒక మూల కూర్చొని, చిన్నపిల్లాడిలా చేతుల్లో ముఖం పెట్టుకొని ఏడ్చాడు.

ఇంటికి నడుస్తుంటే నేను గొప్పగా అన్నాను. "నాలుక మీద పడంగనే ఇసం లేదని నీకు ఎర్కయింది గద అత్తా!"

ఆమె ఆగి నా భుజం పట్టుకుంది. "ఏడ ఎర్కయింది పిల్లా? భయంతోని నోరెండుకపోయింది. నీళ్ళో, పులుసో, ఇసమో ఏం తెల్వలె. అందుకే రెండోది అడిగిన. సముద్రాలు దాటొచ్చిందాన్ని రుచి సూడకుండ ఎట్ల పోవాలె?"

నది పనులు సగంలోనే ఆగిపోయాయి. దొర వెళ్ళిపోయాడు. మల్లవ్వ నాలుక మీద పెట్టుకోగానే విషం ఉన్నదీ లేనిదీ కనిపెట్టేదని ఊరు ఇప్పటికీ చెప్పుకుంటుంది. వాళ్ళకు అంతవరకే తెలుసు. నాకు తెలిసింది అంతకంటే పెద్దది, అందుకే నా గర్వం వాళ్ళ గర్వం కంటే పెద్దది. పోయిన ఎండాకాలం మళ్ళీ గత్తర వచ్చింది. రోగం మా కుండలోంచే వస్తోందని ఎవరో పుకారు పుట్టించారు. సంత రోజున గుడిసె ముందు జనం దూరంగా నిలబడి చూస్తున్నారు. నేను దొప్ప నింపి, మా మామ పేరూ మా అత్త పేరూ చెప్పి, నేలకు చుక్కలు విడిచాను. కుండలో ఏం చేరిందో నాకు మాత్రం ఏం తెలుసు? నోరు ఎండిపోయింది. రుచి ఏమీ తెలియలేదు. దొప్ప అడుగు కనిపించేదాకా దించలేదు.