జింకకు ఏ తూటా మంచిదంటే

ఆ రోజుల్లో, అంటే నాకు ఇరవై ఒకటో ఏడు నడుస్తున్నప్పుడు, "ఏం చేస్తున్నావమ్మా" అని ఎవరైనా అడిగితే నేను ఊపిరి బాగా పీల్చుకుని ఒకే వాక్యంలో జవాబు చెప్పేదాన్ని. "అమెరికాలో జింకల్ని వేటాడేవాళ్లకు ఏ తూటా మంచిదో ఫోన్లో చెబుతాను." విన్నవాళ్లు ముందు నన్ను, తర్వాత మా నాయనను చూసి, తప్పుగా విన్నామేమోనని మళ్లీ అడిగేవారు. నేను మళ్లీ అదే చెప్పేదాన్ని, ఈసారి ఇంకొంచెం గట్టిగా. అప్పటికి నేను తుపాకీని చూసింది పోలీసుల భుజాల మీద, జింకను చూసింది రాణీబాగ్ జూలో. (ఆ జింక కూడా కంచెలోంచి మూతి బయటికి పెట్టి, నా చేతిలోని పల్లీల పొట్లాన్ని కాగితంతో సహా తినేసింది. మా ఇద్దరిలో ఎవరు ఎవరిని వేటాడినట్టో మీరే చెప్పండి.) అయినా ఉద్యోగం ఉద్యోగమే. పైగా దాన్ని నేను ఎవరినీ బతిమాలకుండా, ఇంటి చిరునామా దాచకుండా సంపాదించుకున్నాను.

చిరునామా సంగతి ఎందుకు ఎత్తానంటే, మాది ముంబైలో కామాటిపుర. ఫోరస్ రోడ్డుకు దగ్గర్లో ఒక పాత చాళ్, రెండో అంతస్తు, పొడుగాటి వరండా, వరుసగా గదులు, అందులో ఒక గది మాది. మా ముత్తాత పాలమూరు నుంచి రాళ్లు మోయడానికి వచ్చాడు. మా అవ్వ, అంటే నాయనమ్మ, సున్నం తట్టలు మోసింది. మా నాయన ఒక ఆఫీసు భవనంలో లిఫ్టు నడిపేవాడు. (ఈ ఊళ్లో పైకొచ్చినవాళ్లలో సగంమందిని పైకి తీసుకెళ్లింది నేనే అని పండగలప్పుడు జోకు వేసేవాడు.) ఇంతమంది కష్టపడి బతికిన పేట పేరు చెబితే చాలు, వినేవాళ్ల ముఖంలో ఒక వంకర నవ్వు మొలిచేది. పక్క గల్లీల్లో ఒళ్లమ్ముకునే వ్యాపారం సంగతి లోకానికి తెలుసు, మా గల్లీలో పొద్దున్నే నీళ్లు పట్టుకుని, టిఫిను డబ్బాలు కట్టుకుని పనులకు పోయేవాళ్లుంటారని మాత్రం తెలియదు. అందుకే నేను ఉద్యోగానికి దరఖాస్తు పెడుతుంటే నాయన నా పక్కన చేరి గొంతు తగ్గించి అన్నాడు.

"కామాటిపుర అని రాయకు బిడ్డా. ముంబై సెంట్రల్ అని రాయి. అబద్ధమేం గాదు, స్టేషన్ ఈడనే ఉన్నది గదా."

"స్టేషన్ల పంటున్నమా నాయనా మనం?" అన్నాను నేను, కామాటిపుర అని పెద్ద అక్షరాలతో రాశాను. ఆ వయసులో నాకు ఎవరైనా ఒక పని వద్దంటే అదే చేయాలని చేతులు దురదపెట్టేవి. ఇంటర్వ్యూ చేసినాయన చిరునామా దగ్గర ఒక క్షణం ఆగాడు గానీ, నా ఇంగ్లిషు విని ఉద్యోగం ఇచ్చేశాడు.

ఆఫీసు మలాడ్‌లో. అమెరికాలో సాయంత్రమైతే ఇక్కడ పొద్దున కాబట్టి నేను మొదటి లోకల్ పట్టుకుని వెళ్లి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేదాన్ని. మా పైఅధికారిని మేమంతా సెంటు సార్ అనేవాళ్లం, ఎందుకంటే ఆయనకన్నా ఆయన సెంటు రెండు నిమిషాలు ముందే గదిలోకి వచ్చేది. మొదటిరోజే ఆయన నా పేరు జెన్నీ అనీ, మా ఊరు డెన్వర్ అనీ తేల్చేశాడు. (మా గదిలో అప్పటికే ముగ్గురు జెన్నీలున్నారు, అందరిదీ డెన్వరే. ఆ ఊళ్లో ఆడపిల్లలకు వేరే పేరే పెట్టరనుకోవాలి.) ఆ తర్వాత తూటాల పాఠాలు మొదలయ్యాయి. ఏ తుపాకీకి ఏ కొలత సరిపోతుంది, ఎంత దూరానికి ఎంత బరువు కావాలి, ఇవన్నీ కంఠతా పట్టాలి. తూటా మొనను వాళ్లు గ్రెయిన్లలో తూస్తారు, అంటే గింజలన్నమాట. నేను ఇంటికొచ్చి వరండాలో అటూ ఇటూ తిరుగుతూ బట్టీ పెడుతుంటే, అవ్వ బియ్యం చేట పక్కన పెట్టి వినేది.

"గింజలతోని తూస్తరానే? మన అవుసులాయన గురిగింజలు పెట్టి బంగారం తూసినట్టు?"

"అట్లనే అవ్వా."

"సంపేటిదానికి గంత లెక్కనా?"

లెక్కే మరి. పైనంతా గట్టి తొడుగున్న తూటా జింకలోంచి ఇటు నుంచి అటు దూసుకుపోతుంది, పాపం ఆ జింక దెబ్బతో పరుగెత్తి ఏ పొదలోనో పడి చాలాసేపు విలవిలలాడుతుంది. మొన మెత్తగా ఉన్నదైతే తగలగానే లోపల విచ్చుకుంటుంది, జింక ఎక్కువ బాధపడకుండా అక్కడే కూలిపోతుంది. అందుకే వేటకు మెత్తమొన తూటానే వాడాలి. ఇది చెప్పగానే అవ్వ చెంపలు వేసుకుని, "సంపుడే పాపం, ఉరికిచ్చి సంపుడు ఇంక పాపం. అడిగినోళ్లకు మెత్తదే చెప్పు బిడ్డా" అంది.

పక్క గదిలో ఉండే మక్తల్ మామ అప్పుడే పని నుంచి వచ్చి, కాళ్లకంటిన సిమెంటు కడుక్కుంటున్నాడు. మాకు చుట్టమేం కాదు, మక్తల్ దిక్కు నుంచి మేస్త్రీ పనికి వచ్చాడు కాబట్టి అందరికీ మామ. ఆయన చెంబు కింద పెట్టేశాడు.

"జింకకు పాపం అంటవేంది అత్తా. మరి నా కంది చేను మేసిందెవరు? మందలు మందలు వచ్చి మొలకలన్ని కొరుక్కపోయినయి. రాయి ఇసిరితె ఫారెస్టోళ్లు కేసంటరు. ఏం చెయ్యాలె? నా పెండ్లాం పాత చీరలన్ని చేను సుట్టూత కట్టిన. గాలికి ఊగుతె మనిషనుకొని బెదురుతయి. చీరలు సాలక పెండ్లి చీర గూడ కట్టినం."

"మరి ఆగినయా?" అన్నాను.

"ఆ ఏడు ఆగినయి. మల్లేడు వానే రాలె." అంత మాట చెప్పి ఆయన మళ్లీ కాళ్లు కడుక్కోవడంలో పడిపోయాడు. ఆ సాయంత్రం మా వరండాలో సగంమంది జింక పక్షం, సగంమంది కంది చేను పక్షం అయ్యారు. నేను మాత్రం జీతం పక్షాన ఉండి పాఠం చదువుకున్నాను.

కొన్ని వారాలు బాగానే గడిచాయి. ఒకరోజు పొద్దున ఒక ముసలావిడ ఫోన్ చేసింది. గొంతు గరగరమంటోంది, మాట మాత్రం నిలువునా కోసినట్టుంది. తన చిక్కుడు తోటను జింకలు నాశనం చేస్తున్నాయట, వాళ్ల ఊళ్లో వేటకు అనుమతి ఉందట, చనిపోయిన భర్త తుపాకీ ఉందట. "అది పేలిస్తే జింకకన్నా ముందు నేను పడిపోతున్నాను, నా భుజం నల్లబడిపోయింది" అంది. (ఆవిడ మాట్లాడింది ఇంగ్లిషులోనే, నాకు వినబడింది మాత్రం మా అవ్వ గొంతులో.) ఇలాంటప్పుడు ఏం చెప్పాలో సెంటు సార్ ముందే నేర్పాడు. ఎవరేమడిగినా అన్నిటికన్నా బరువైనది, అన్నిటికన్నా ఖరీదైనది చెప్పాలి. నా నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ తట్టలు మోసి మోసి ఒకవైపుకు వాలిపోయిన అవ్వ భుజం కళ్లముందు కదిలింది.

"అమ్మా, జింక ఎంత దూరంలో నిలబడుతుంది?" అని అడిగాను.

"వంటింటి కిటికీలోంచి చెప్పు విసిరితే తగిలేంత దూరం."

"అయితే మీకు బరువైనది అక్కర్లేదు. అదే తుపాకీకి సరిపోయే తూటాల్లో, మందు తక్కువ పెట్టిన తేలిక రకం ఒకటుంది. అంత దగ్గరికి అది చాలు, భుజాన్ని అంతగా తన్నదు. మొన మాత్రం మెత్తది తీసుకోండి, జింక బాధపడకూడదు."

"ఇంతకుముందు ఇద్దరు జెన్నీలతో మాట్లాడాను, ఒక్కరూ జింక ఎంత దూరంలో ఉందని అడగలేదు. నువ్వు నిజంగా ఎక్కడి దానివి?" అంది.

డెన్వర్ అనాలి. నా ఎదురుగా గోడ మీద కూడా అదే రాసి ఉంది. "ముంబైలో కామాటిపుర" అన్నాను. నోరు తిరగక ఆవిడ మూడుసార్లు అడిగింది, నేను మూడుసార్లు ఓపిగ్గా పలికించాను. మీ దగ్గర జింకల్ని ఏం చేస్తారని అడిగితే మక్తల్ మామ చీరల కథ మొత్తం చెప్పేశాను. ఆవిడ నవ్వింది, తర్వాత ఆలోచనలో పడింది. "నా దగ్గర చీరలు లేవు. ఆయన చొక్కాలు ఒక బీరువా నిండా ఉన్నాయి, ఎవరికీ ఇవ్వబుద్ధి కాలేదు. బతికున్నప్పుడు ఆయన్ను చూస్తే పొరుగువాళ్లే భయపడేవారు, జింకలెంత. ముందు ఆ చొక్కాలు కట్టి చూస్తాను. తూటాల సంగతి తర్వాత" అని ఫోన్ పెట్టేసింది.

వెనక నుంచి సెంటు వాసన వచ్చింది. ఆయన పక్క గదిలో కూర్చుని తన ఫోన్లో అంతా విన్నాడట. "మనం తూటాలు అమ్ముతున్నాం, పాత బట్టలు కాదు" అన్నాడు. అందులో న్యాయముంది. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. "అది పోనీ. కామాటిపుర అని ఎందుకు చెప్పావు? ఆ పేరు ఇంటర్నెట్‌లో వెతికితే ఏం కనిపిస్తుందో తెలుసా? కంపెనీ పరువేం కావాలి?" అని, ఇక మీదట ఆ పేరు ఎత్తనని రాసి ఉన్న ఒక కాగితం నా ముందు పెట్టాడు.

"సార్, కామాఠీ అంటే కూలివాడు. ఈ ఊరికి రాళ్లు మోసినవాళ్లు కాపురముండబట్టి ఆ పేరొచ్చింది. ఇంటర్నెట్‌లో అది కనిపించకపోతే ఇంటర్నెట్‌కే పరువు తక్కువ."

"సంతకం పెట్టు."

"పెట్టను."

"ఒక్క సంతకం. నీ సీటు నీకుంటుంది."

"సీటు మీరే ఉంచుకోండి, ఇంకో జెన్నీ కూర్చుంటుంది" అని బ్యాగు తీసుకుని వచ్చేశాను. మెట్లు రెండేసి చొప్పున దిగాను. అది భయం కాదు, ఆకలి అని నాకు నేను చెప్పుకున్నాను.

ఇంట్లో విషయం చెప్పగానే అవ్వ, "జింకలకు తూటాలమ్మే నౌకరీకి ఏడుస్తరానే, కూసొని తిను" అని పళ్లెం ముందుకు జరిపింది. నాయన సాయంత్రం వచ్చి, అంతా విని, చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి చాలాసేపు గోడ వైపే నిలబడ్డాడు. ఇరవై ఏళ్లుగా తన లిఫ్టు ఎక్కినవాళ్లకు తానెక్కడుంటాడని చెప్పాడో నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. చివరికి ఇటు తిరిగి, "ఆ ముసలామెకు మన పేట పేరు మంచిగ పల్కొచ్చిందా?" అని మాత్రం అడిగాడు. వచ్చిందన్నాను. రాత్రి తినేటప్పుడు నా పళ్లెంలో ఇంకో రొట్టె వేశాడు.

వారం తిరక్కముందే సెంటు సార్ ఫోన్ చేశాడు. ముసలావిడ మళ్లీ ఫోన్ చేసిందట. తోటకు మూడు వైపులా చొక్కాలు సరిపోయాయట, నాలుగో వైపుకు తూటాలు కావాలట, అవి కామాటిపుర పిల్ల దగ్గరే కొంటానని పట్టుపట్టిందట. కాగితం లేదు, ఏమీ లేదు, వచ్చేయమన్నాడు.

"ఊరి పేరు?" అన్నాను.

"సరే, ముంబై అని చెప్పు."

"కామాటిపుర."

"సెంట్రల్ ముంబై."

"కామాటిపుర."

"సౌత్ ముంబై అను, డబ్బున్నవాళ్లుండే చోటు, వినడానికి ఎంత గొప్పగా ఉంటుంది, అబద్ధమూ కాదు." ఫోరస్ రోడ్డు మీద కూరల బేరం కూడా ఇంతసేపు సాగదు. ఆయన ఒక్కో మెట్టు దిగుతున్నాడు, నేనేమో మొదటి మాట మీదే నిలబడ్డాను. బేరం కుదరలేదు. ఆ ముసలావిడకు తూటాలు ఎవరమ్మారో, ఆ జింకలు ఏమయ్యాయో నాకు ఈనాటికీ తెలియదు.

తర్వాత చాలా నెలలు ఖాళీగా కూర్చుని, ఒక కళ్లద్దాల దుకాణంలో చేరి, పెళ్లి చేసుకుని, ఇదిగో ఇలా తల నెరుస్తోంది. ఇప్పుడు ఆలోచిస్తే సెంటు సార్ చెప్పింది అబద్ధమేమీ కాదు, పటం తీసి చూస్తే మాది సౌత్ ముంబైయే. అప్పుడే ఎవరైనా నిదానంగా కూర్చోబెట్టి చెప్పి ఉంటే వినేదానివి కదా అంటారు మా ఆయన. అప్పటి ఆ పిల్లను ఆయన చూడలేదు కాబట్టి అలా అంటున్నారు. అప్పుడు వినేదాన్ని కాదు. ఇప్పుడు చెప్పినా వినను. కాకపోతే ఇప్పుడు కాస్త నవ్వుతూ వినను.