గొడుగు కింద చెప్పే తారీకు

మా ఆవిడ పోయింది. పోయిన శ్రావణంలో ఏటవతలి ఫ్యాక్టరీల పేట లైంగ్‌థార్యార్ నుంచి ఇంటికి వస్తూ పికప్ వెనకనుంచి రోడ్డుమీద పడింది. మర్నాడు ఆసుపత్రిలో ప్రాణం పోయింది. ఈ కబురు తెలియనివాళ్లు ఇంకా ఉన్నారు. ఫోన్లు పనిచేయని రోజులు కొన్ని, నాకు చెప్పబుద్ధి కాని రోజులు కొన్ని. ఇప్పటికీ ఆమె ఫోనుకు మెసేజీలు వస్తున్నాయి, అక్కా, ఒక తారీకు చూసి చెప్పాలి అని. అందరికీ కలిపి ఇక్కడ చెబుతున్నాను. తారీకులు చెప్పే మనిషి ఇక లేదు.

ఆమె పనే అది. యాంగోన్‌లో, తామ్వే పేటలో మా రెండు గదుల ఇంట్లో కూర్చుని, అమెరికాలోని ఒక లాయర్ల ఆఫీసుకు కంప్యూటరు మీద పనిచేసేది. అక్కడ కారు గుద్దినా, దుకాణం మెట్లమీద జారిపడినా, దెబ్బ తగిలినవాళ్లు కోర్టుకు వెళ్లడానికి ఒక గడువుంటుంది. అది దాటితే ఎంత న్యాయమున్నా తలుపు తియ్యరు. ఆ గడువు దేశమంతటికీ ఒకటి కాదు. టెనెసీలో ఏడాది, టెక్సస్‌లో రెండేళ్లు, న్యూయార్కులో మూడేళ్లు, మెయిన్‌లో ఆరేళ్లు. గుద్దింది సర్కారు బండి అయితే ఇంకా ముందే నోటీసు ఇవ్వాలి. పసిపిల్లలకు వేరే లెక్క. ఒక్కొక్క కేసుకూ ఆఖరి రోజు ఏదో తేల్చడం ఆమె వంతు.

హాలు గోడకు నాలుగు గడియారాలు వరసగా కొట్టించింది. అమెరికాలో టైము నాలుగు రకాలుట. అవి సరిగ్గా గంట చూపించినప్పుడు మన దగ్గర గంటకు పైన అరగంట అయి ఉంటుంది. నాలుగింటిలో ఒక్కటీ యాంగోన్ టైము చూపించదు. చుట్టాలు వచ్చి టైము చూసి కంగారుపడేవారు. మన టైముకు ఒకటి పెట్టకూడదా అని నేనడిగితే, మనకి గడువులేటున్నాయండీ, ఎప్పుడైనా ఒకటే కదా, అనేది. కరెంటు పోయినా, నెట్టు పోయినా ఆ నాలుగూ బ్యాటరీల మీద నడుస్తూనే ఉండేవి.

మనుషులను కూడా ఆమె రాష్ట్రాల పేర్లతో చెప్పేది. తాను టెనెసీ. నేను టెక్సస్, రెండేళ్లు ఆలోచించే మనిషిని. మాతోనే ఉండే వాళ్లమ్మ న్యూయార్కు. ఆమె మేనమామ మెయిన్. ఆయన పికప్ వెనక తలుపు గొలుసు ఎప్పుడో తెగిపోతే తాడు కట్టి తిప్పుతున్నాడు. "మావయ్యా, ఆ తాడు తీసి గొలుసు ఎప్పుడేయిస్తావు?" అని కనబడ్డప్పుడల్లా అడిగేది. "ఏయిత్తానే, రేపే ఏయిత్తాను," అనేవాడు ఆయన. "మెయిన్‌లో రేపంటే ఆరేళ్లు," అని నావైపు చూసి నవ్వేది. ఆయనకు ఆ మాట అర్థం కాకపోయినా నవ్వేవాడు. మేనకోడలంటే ఆయనకు ప్రాణం. ఇది కూడా ఇక్కడ రాయాలి.

బయటి దేశపు తారీకులు చెప్పి జీతం తీసుకునేది. మనవాళ్ల తారీకులు ఊరికే చెప్పేది. దానికి ఒక కారణం ఉంది.

అమెరికా పనికి ముందు ఆమె ఇక్కడే ఒక లాయరు దగ్గర అర్జీలు టైపు చేసేది. అప్పుడు ఏటవతలి దలా నుంచి మన తెలుగువాళ్లావిడ ఒకామె వచ్చింది. పడవ యజమాని అజాగ్రత్తవల్ల ఆమె భర్త పడవకూ జెట్టీకీ మధ్య నలిగి చనిపోయాడు. ఇలాంటి దావాలకు ఇక్కడ గడువు ఏడాది. ఆమె ఏటిసూతకం అంతా గడప దాటలేదు. సంవత్సరీకం పెట్టించి, తలంటుకుని, మర్నాడే పడవెక్కి వచ్చింది. ఏడాది తిరిగిందనే ఆమె నమ్మకం. కానీ ఆ ఏడు అధికమాసం వచ్చింది. తిథి ప్రకారం ఏడాది పూర్తయ్యేసరికి, ఇంగ్లీషు తారీకు ప్రకారం ఏడాది దాటి చాలా రోజులయింది. లాయరు కాగితాలు చూసి, మడిచి, తిరిగి ఆమె చేతిలో పెట్టాడు.

మా ఆవిడ దలా పడవల రేవుదాకా ఆమెతో నడిచింది. పడవెక్కే ముందు ఆ దలా ఆవిడ అన్న మాట మా ఆవిడ నాకు చాలాసార్లు చెప్పింది: "మొగుడు పోయిన ఏడు గుమ్మం దాటితే జనం ఏటంటారమ్మా?"

ఇది మనవాళ్లు మాత్రమే చేయగల పొరపాటు. చట్టానికి ఏడాది, సూతకానికి ఏడాది. రెండూ ఒకటేననుకుంటాం. చట్టానికి ఇంగ్లీషు తారీకు, సూతకానికి తిథి. మామూలు సంవత్సరాల్లో తిథి ముందే వస్తుంది, సంవత్సరీకం అయ్యాక కూడా కోర్టుకు కొన్ని రోజులు మిగులుతాయి. అధికమాసం వచ్చిన ఏడు మిగలవు.

అప్పటినుంచి, ప్రమాదంలో ఎవరు పోయినా ఆమె పరామర్శకు వెళ్లేది. మగవాళ్లు పట్టుకునే పెద్ద నల్ల గొడుగు ఒకటి ఉండేది ఆమెకు. మైల ఇంట్లో కప్పు కింద కోర్టు మాట ఎత్తేది కాదు. పెద్దవాళ్లకు బాధ కలుగుతుందని తెలుసు. కూర్చుని, ఏడ్చేవాళ్లతో ఏడ్చి, లేచేముందు ఆ ఇంటి భార్యనో కొడుకునో వీధిలోకి రమ్మనేది. వానా ఎండా ఏమీ లేకపోయినా గొడుగు విప్పి, దాని కింద ఆఖరి తారీకు చెప్పేది. "మైల మనకి గానీ తారీకుకి లేదు," అనేది. రెండో మాట చెప్పేది కాదు, సలహా ఇచ్చేది కాదు. మనిషి పొట్టి. ఎదుటివాళ్లు పొడుగైతే చెయ్యి బాగా పైకెత్తి పట్టుకోవాల్సి వచ్చేది.

కొందరు తిట్టారు. పాడె లేవకముందే కోర్టు గొడుగు వచ్చిందన్నారు. బర్మావాళ్లు మాత్రం టీచరమ్మను పిలిచినట్టు "సయామా" అని పిలిచి, తమ ఇళ్లకు కూడా తీసుకెళ్లేవారు. తిట్టినవాళ్లే తరవాత ఫోన్లు చేశారు.

నేను రేవులో ఒక షిప్పింగ్ ఆఫీసులో పనిచేస్తాను. పెట్టెలు ఏ ఓడకు ఎక్కాలో చూడడం నా పని. మా తాతలు అదే రేవులో మూటలు మోశారు. పెద్దవాళ్లు ఈ యాంగోన్‌ను ఇంకా రంగం అనే అంటారు. పాస్‌పోర్టులకు పెట్టుకున్నాం గానీ అవి ఎక్కడో ఆగిపోయాయి. ఆఖరి రెండేళ్లలో మేమిద్దరం కలిసి ఊరు దాటింది లేదు. దారిలో సైనికులు ఆపుతారని సాయంత్రాలు కూడా బయటికి వెళ్లడం మానేశాం. ఆమె మాత్రం తాను చూడని ఊళ్లలో ఏ కోర్టు ఎన్ని గంటలకు మూస్తారో చెప్పగలిగేది. ఒకసారి వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ, "వాళ్లకి కోర్టు తలుపు మూసుకుపోతే ఇంకెక్కడికైనా పోతారు. మనకి ఉన్నదే ఒక తలుపు," అంది. ఆ తలుపు లోపల ఏం దొరుకుతుందని ఆమెకు పెద్ద నమ్మకం లేదు. మూసేలోపు మన పేరు లోపల పడాలి, అంతే.

లైంగ్‌థార్యార్‌కు వెళ్లింది కూడా ఆ పనిమీదే. బట్టల ఫ్యాక్టరీలో చెయ్యి నలిగిన ఒకమ్మాయికి తారీకు చెప్పడానికి. వచ్చేటప్పుడు మేనమామ పికప్ కనబడితే అదే ఎక్కింది. వెనక చివర్న కూర్చుంది. వంతెన దిగుతుంటే బండి ఒక్కసారి ఊగింది, తాడు తెగింది. ఆసుపత్రినుంచి ఆమెతోపాటు గొడుగు కూడా వచ్చింది. మడతల్లో లైంగ్‌థార్యార్ బురద. దాన్ని హాల్లో మేకుకు తగిలించాను, అలాగే ఉంచాను.

మాకు పిల్లలు లేరు. కర్మ నేనే చేశాను. మేనమామ పాడె పట్టాడు, పదిరోజులూ మా ఇంట్లోనే ఉన్నాడు. అన్నం సరిగ్గా తినలేదు. పన్నెండోనాడు నా పక్కన కూర్చుని, "తప్పయిపోనాది అల్లుడూ. కూకొని మాటాడుకుందుం. ముందు దాని ఏడాది తిరగనీ," అన్నాడు. ఎదురుగా ఉన్న అత్త తలూపింది. పోయింది ఆమె కూతురు, ఇతను ఆమె తమ్ముడు. సూతకంలో ఉన్నవాడు కోర్టు గుమ్మం తొక్కితే పోయినదాని పేరు వీధిన పడుతుందని ఆమె భయం. ఆయన కావాలని గడువు దాటించాలనుకున్నాడని నేను అనను. ఆయనకు గడువు సంగతే తెలియదనుకుంటాను.

నాకు తెలుసు. అయినా ఊరుకున్నాను. ముందు సంవత్సరీకం వస్తుంది, తరవాత కొన్ని రోజులు మిగులుతాయి, ఎవరి మాటా కాదనక్కర్లేదు అనుకున్నాను. నెలనెలా మాసికాలు పెట్టాను. గుడికి వెళ్లకూడదు, పెళ్లిళ్లకు వెళ్లకూడదు, ఊరు దాటకూడదు. ఊరు ఎలాగూ దాటలేం. ఆఫీసు, ఇల్లు, ఇంట్లో అత్త, నేను. ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం కాదు. గడియారాల్లో బ్యాటరీలు నేను మార్చలేదు. ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆఖరికి నడుస్తున్నది ఒక్కటే మిగిలింది. అది ఎక్కడి టైమో ఆమెను అడిగితే గానీ నాకు తెలియదు.

దావా వేస్తే ఏమొస్తుందని మీరు అడగవచ్చు. నన్ను నేనే అడిగాను కూడా. మేనమామ బతుకు ఆ బండి. అది ఆగితే ఆ ఇల్లు ఆగుతుంది. కానీ ఆ బండి రోజూ ఆ వంతెన దిగుతోంది. ఆమె ఎందుకు పోయిందని ఎవరూ, ఎక్కడా, ఒక్కసారి కూడా అడగలేదు. రాత అన్నారు. ఆమె జీవితమంతా ఆ మాట ఒప్పుకోలేదు.

వేసవి చివర్లో మాసికానికి వచ్చిన పంతులుగారు పంచాంగం చూసి, ఈ ఏడు అధిక జ్యేష్ఠం, మాసికం ఒకటి ఎక్కువ పెట్టాలన్నారు. సంవత్సరీకం తారీకు మీద దాదాపు మూడు వారాలు తరవాత పడుతుందన్నారు. నా చేతిలో నువ్వులు, నీళ్లు ఉన్నాయి. వదలవలసినప్పుడు వదిలాను. దలా నుంచి వచ్చినావిడ, ఆమె తలంటుకున్న జుట్టు, నేనెప్పుడూ చూడనివి, కనబడ్డాయి.

ఆ సాయంత్రం అత్తతో చెప్పాను. సంవత్సరీకం దాకా ఆగితే కోర్టు మూసుకుపోతుంది, అంతకుముందే వెళ్లాలి అన్నాను. ఆమె బియ్యం ఏరుతూనే, "ఆడు నా తోడబుట్టినోడు బాబూ," అంది. అంతే. నేను మళ్లీ అడగలేదు. ఆమె కాదంటే ఆమె కూతురి పేరుమీద, ఆమె తమ్ముడి మీద నేను ఎలా వేస్తాను? వెయ్యకపోతే ఈ ఇంట్లో ఎలా ఉంటాను? రోజులు గడుస్తున్నాయి. ఆఫీసులో ఏ ఓడ ఎప్పుడు వెళుతుందో చూస్తూ కూర్చునేవాణ్ణి.

ఆమె చెప్పిన ఒక సంగతి అప్పుడు గుర్తుకొచ్చేది. కొన్ని రాష్ట్రాల్లో కొన్ని కేసులకు, దెబ్బ తగిలిన రోజునుంచి కాకుండా, తగిలిందని తెలిసిన రోజునుంచి లెక్కపెడతారుట. అలా లెక్కపెడితే నాకు గడువు ఇంకా మొదలైందో లేదో.

ఒక ఆదివారం అత్త తమ్ముణ్ణి చూసొస్తానని లైంగ్‌థార్యార్ వెళ్లింది. ఆయనే బండిమీద దింపి వెళ్లాడు. ఆమె లోపలికి వచ్చి, చెప్పులు విప్పలేదు, కూర్చోలేదు. మేకుకున్న గొడుగు తీసింది. "ఓసారి వీదిలోకి రా బాబూ," అంది.

వెళ్లాను. వాన లేదు. మబ్బు పట్టి ఉంది. ఎదుటి టీకొట్టు దగ్గర పొట్టి స్టూళ్లమీద కూర్చున్నవాళ్లు మావైపు చూశారు. అత్త గొడుగు విప్పింది. మడతల్లో ఎండిన బురద పొడిపొడిగా ఆమె తెల్ల జుట్టుమీద రాలింది. ఆమె దులుపుకోలేదు.

"తాడు అలాగే ఉన్నాది బాబూ," అంది. "కొత్త తాడు కట్నాడు. గొలుసు ఎయ్యలేదు. వంతెన దిగినంతసేపూ దాన్ని పట్టుకునే కూకున్నాను."

గొడుగు నావైపు ఇంకాస్త జరిపింది.

"తారీకెప్పుడు?"

చెప్పాను. ఆమె తలూపింది. కూతురిలాగే రెండో మాట అనలేదు. ఆమె కూతురికన్నా పొట్టి. నా తలకు తగలకుండా గొడుగు పైకెత్తి పట్టుకోవడానికి మునివేళ్లమీద నిలబడింది. పుచ్చుకోబోతే ఇవ్వలేదు.

దావా వేశాను. ఆ రోజు పెద్ద వాన. మిగిలిన బురద కోర్టు మెట్లమీద కారిపోయింది. మేనమామ ఫోను చెయ్యడం లేదు. సంవత్సరీకానికి వస్తాడో రాడో తెలియదు. అత్త మాత్రం విస్తళ్ల లెక్కలో ఆయన విస్తరి కూడా కలిపి చెబుతోంది.

కోర్టువారి ఏడాది అయిపోయింది. మా ఏడాది ఇంకా కాలేదు. ఆ రెంటి మధ్య మిగిలిన రోజుల్లో కూర్చుని ఇది రాస్తున్నాను. ఆరబెట్టిన గొడుగు హాల్లో విప్పే ఉంది. ఆరిపోయి చాలా రోజులైంది. గది చిన్నది, దాని చుట్టూ తిరిగి వెళుతున్నాం. అత్త మడవలేదు. నేనూ మడవలేదు.