పెళ్లిచూపుల్లో త్రికోణమితి

అవి యాభైల నాటి రోజులు. బడి మానేసి కడపలో మా బట్టల అంగట్లో కూర్చున్నా, తీరిక దొరికితే గ్రంథాలయానికి పరుగెత్తేవాణ్ణి. త్రికోణమితి కూడా ఎవరూ చెప్పకుండా అక్కడే నేర్చుకున్నాను.

రాయచోటికి పెళ్లిచూపులకు వెళ్లినప్పుడు మా నాయన ఆ సంగతి గొప్పగా చెప్పాడు. అమ్మాయి పెదనాన్న లెక్కల అయ్యవారు. వెంటనే పలక తెప్పించాడు.

"శానా సంతోషమప్పా! టాన్, కాట్ కలిపితే సెక్, కొసెక్‌ల లబ్ధం వస్తాదని రుజువు చెయ్యి చూద్దాం."

అమ్మాయి నాకప్పటికే నచ్చింది. ఆ సమీకరణాన్నే పైన రాసుకుని, రెండు వైపులా సైన్, కాస్‌ల లబ్ధంతో గుణించాను. చివరికి సైన్ వర్గం, కాస్ వర్గం కలిస్తే ఒకటి అని తేలింది. అది అందరికీ తెలిసిన నిజమే కదా! గర్వంగా పలక అందించాను.

ఆయన పెదవి విరిచాడు. "రుజువు చేయమన్న దాన్నే ముందు నిజమనుకుంటివే! ఇంక రుజువు యాడుండాది? గురువు లేని సదువు ఇట్లే ఉంటాది."

మా నాయన మొహం మాడ్చుకుని లేవబోయాడు. అంతలో తలుపు వెనక నుంచి అమ్మాయి గొంతు వినిపించింది.

"కింద నుంచి పైకి చదువు పెదనాయనా. అందరికీ తెలిసిన నిజంతో మొదలై నువ్వడిగిన దానికే వస్తాది, సరిపోతాది."

ఆయన అలాగే చదివి పకపకా నవ్వాడు. "నేను నేర్పిన సదువు నా మీదికే వచ్చె! పిల్లకు నువ్వు నచ్చినట్టుండావు, కూచోండప్పా!"

ఆ మాఘంలోనే మా పెళ్లయింది. పుస్తకాల్లో ఎంతో నేర్చుకున్నాను గానీ, ఎదుటివాడి తప్పులో ఒప్పును వెతికే విద్యను మాత్రం ఇప్పటికీ ఆమె దగ్గరే నేర్చుకుంటున్నాను.